ఆర్‌ఈఎమ్ ప్లేట్ల లాగ్: 'రైడ్ సైడ్' చివరి 8 నిమిషాలు

నిన్న రాత్రి పదకొండోసారి. అమెరికన్ రాక్ బృందం ఆర్‌ఈఎమ్ ఆల్బమ్ 'ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్' ప్లేటు రెండో వైపు మొదటి నుంచి చివరి దాకా మళ్లీ కంప్యూటర్‌లోకి రికార్డ్ చేశాను. చివరి పాట, కుడి ఛానల్, అదే గరగర. గాయకుడు మైకేల్ స్టైప్ 'స' పలికిన ప్రతిచోటా పక్కన ఎవరో ఉప్పు కాగితం రుద్దినట్టు ఉంది. ఎడమ చెవిలో మనిషి పాడుతున్నాడు, కుడి చెవిలో ఇసుక రాలుతోంది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

ముందు లెక్క చెబుతాను. ఆర్‌ఈఎమ్ స్టూడియో ఆల్బమ్‌లు 15, వాటికి 1982 నాటి 'క్రానిక్ టౌన్', 1987 నాటి 'డెడ్ లెటర్ ఆఫీస్' కలిపితే 17. అన్నిటినీ ప్లేట్ల మీద నుంచి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ డిజిటల్ ఫైళ్లలోకి ఎక్కించాలన్నది నా పని. 12 అయిపోయాయి. 'మర్మర్' ఒక్క సాయంత్రంలో వచ్చేసింది, ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. 'రెకనింగ్' కూడా అంతే. 'న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై' రెండు ప్లేట్లు, 65 నిమిషాలను నాలుగు వైపులకు పంచారు కాబట్టి ఏ వైపూ ఇరుకు లేదు, ఏ ఇబ్బందీ పెట్టలేదు. 'యాక్సిలరేట్' మొత్తం కలిపి 35 నిమిషాలు కూడా లేదు, అదీ హాయిగా వచ్చింది. 'అప్', 'రివీల్', 'ఎరౌండ్ ద సన్', 'కొలాప్స్ ఇంటూ నౌ' మిగిలాయి. మధ్యలో ఈ 'ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్' అడ్డం పడింది.

అందులోనూ అడ్డం పడింది వాళ్ల ఆల్బమ్‌లలో నేను అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించేది. అమెరికా జార్జియా రాష్ట్రంలో, బృందం పుట్టిన ఏథెన్స్ ఊళ్లో వీవర్ డీస్ అనే భోజన హోటల్ వాళ్ల నినాదమే ఈ ఆల్బమ్ పేరు. అట్లాంటాకి ఉత్తరాన ఉన్న మా ఇంటి నుంచి ఆ ఊరు కారులో అటూ ఇటూగా గంటన్నర. వచ్చిన కొత్తలో ఆ బోర్డు చూడటానికే వెళ్లాను. బృందం గిటారిస్ట్ పీటర్ బక్ ఒకప్పుడు పనిచేసిన వక్‌స్ట్రీ రికార్డుల షాపులో ఒక గంట నిలబడి ప్లేట్లు తిరగేశాను. ఈ పిచ్చి మొదలైంది ఆ రోజే.

నా దగ్గరున్నది 1992 నాటి యూరప్ ప్రెస్సింగ్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఆల్బమ్ మొత్తం ఒకే ప్లేటు. మొదటి వైపు పేరు 'డ్రైవ్', రెండోది 'రైడ్'. పాటల నిడివి కూడితే డ్రైవ్ వైపు 24 నిమిషాల 16 సెకన్లు, రైడ్ వైపు 24 నిమిషాల 15 సెకన్లు. రాక్ ప్లేటుకి ఒక వైపు 24 నిమిషాలంటే చాలా ఎక్కువ. గాడి లోపలికంటా పోక తప్పదు. స్కేలు పెట్టి కొలిచాను: 'నైట్‌స్విమ్మింగ్' మధ్య రంధ్రం నుంచి 85 మి.మీ. దగ్గర మొదలవుతుంది, చివరి పాట 'ఫైండ్ ద రివర్' 72 దగ్గర మొదలై 61 దగ్గర ముగుస్తుంది.

ప్లేటు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. బయటి అంచున, అంటే 146 మి.మీ. దగ్గర, ముల్లు కింద గాడి సెకనుకు 51 సెం.మీ. పరిగెడుతుంది. 61 మి.మీ. దగ్గరకొచ్చేసరికి అది 21 సెం.మీ.కి పడిపోతుంది. 'స' శబ్దం ఉండే 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో అల బయట 64 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవుంటే లోపల 27 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. అండాకారపు కొన ఉన్న మామూలు ఎలిప్టికల్ ముల్లుకి పక్క కొన వ్యాసార్థం 7.5 మైక్రాన్లు. అది అంత ఇరుకు మలుపుల్లో తిరగడం కష్టమే. ఇంతవరకు అందరికీ తెలిసిందే. నన్ను ఏడిపిస్తున్నది ఇది కాదు, ఎడమకీ కుడికీ మధ్య తేడా.

తేడాను చెవితో చెబితే నమ్మకం కుదరక కొలవడం మొదలుపెట్టాను. 'ఫైండ్ ద రివర్'లో 'స' గట్టిగా వినిపించే 12 చోట్లు ఎంచుకున్నాను. ఆ చోట్ల 10 నుంచి 16 కిలోహెర్ట్జ్ మధ్య ఎంత శక్తి ఉందో చూసి, నా దగ్గరున్న సీడీతో పోల్చాను. సీడీ మాస్టరింగ్ వేరు కాబట్టి అంకెలను యథాతథంగా నమ్మను, కానీ ఎడమ కుడి రెండూ ఒకే సీడీతో పోలుస్తున్నప్పుడు ఆ రెంటి మధ్య తేడాను నమ్మొచ్చు.

మొదటిసారి టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ మీద ఫ్యాక్టరీ గేజ్ ప్రకారం, అంటే 15 మి.మీ. ఓవర్‌హ్యాంగ్‌తో (మధ్య రంధ్రం దాటి ముల్లు ముందుకు ఉండే దూరం) బిగించి, ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌తో (ముల్లు తగిలించే భాగం) వాయించాను. గాడి మీద ముల్లు ఒత్తే బరువు 2 గ్రాములు, యాంటీ-స్కేటింగ్ (ముల్లు మోసే చెయ్యి మధ్యకు లాగుకుపోకుండా ఆపే సర్దుబాటు) 2. ఎడమ ఛానల్ సీడీ కంటే 4 డెసిబెల్స్ ఎక్కువ, కుడి 9 ఎక్కువ. తేడా 5.

రెండోసారి అదే కార్ట్రిడ్జ్ బాడీకి ఎంఎల్ (మైక్రోలైన్) ముల్లు తగిలించాను. ఆ సిరీస్‌లో నాకు నచ్చేది అదే, బాడీ మార్చకుండా ముల్లు ఒక్కటే లాగి పెట్టుకోవచ్చు. మైక్రోలైన్ కొన పక్క వ్యాసార్థం 3 మైక్రాన్లే. వాయించగానే ఆనందం వేసింది, పియానో మీద పొర తొలగినట్టయింది. ఈ ధరలో లోపలి గాళ్లకు ఇంతకంటే మంచి ముల్లు నేను వినలేదు. షూర్ వాళ్లు 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ మానేసినప్పుడు పడ్డ బాధ దీనితో కొంత తీరింది. కానీ అంకెలు చూస్తే ఎడమ 2.5, కుడి 7.5. రెండూ సమానంగా తగ్గాయి. తేడా మళ్లీ 5.

మూడోసారి చేసింది నా సమయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తినేసింది. టెక్నిక్స్ వాడేవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీ గేజ్ వదిలేసి బేర్‌వాల్డ్ అలైన్‌మెంట్ (ముల్లు గాడికి సూటిగా ఉండేలా కార్ట్రిడ్జ్ బిగించే ఒక పద్ధతి) పెట్టమంటారు. సరే అని కోణం చూసుకునే ప్రొట్రాక్టర్ ప్రింట్ తీసి, ఓవర్‌హ్యాంగ్ 17.8 మి.మీ.కి జరిపాను. కార్ట్రిడ్జ్ హెడ్‌షెల్ (దాన్ని బిగించే తల) సందుల్లో దాదాపు చివరి దాకా పోయింది, పైగా లోపలికి ఒకటిన్నర డిగ్రీ పైన తిప్పాల్సి వచ్చింది. మూడు సాయంత్రాలు పట్టింది. ఫలితం: ఎడమ 2.2, కుడి 7.3.

ఆ తర్వాత గానీ నాకు కాగితం, పెన్ను తీసుకోవాలని తోచలేదు. ఫ్యాక్టరీ అలైన్‌మెంట్‌లో ముల్లు సరిగ్గా సూటిగా ఉండే రెండు చోట్లు సుమారు 58.8, 113.5 మి.మీ. బేర్‌వాల్డ్‌లో అవి 66, 120.9. నా చివరి పాట 72 నుంచి 61 దాకా కదా. ఆ దూరంలో ఫ్యాక్టరీ కోణం తప్పు 1 డిగ్రీతో మొదలై పావు డిగ్రీకి తగ్గుతుంది. బేర్‌వాల్డ్‌లో ఒక పక్కకు సగం డిగ్రీ తప్పుతో మొదలై, 66 దగ్గర సున్నా అయి, చివరికి రెండో పక్కకు 0.66 డిగ్రీ తప్పుతో ముగుస్తుంది. అంటే పాట మొదట్లో బేర్‌వాల్డ్ మేలు, పాట చివర్లో ఫ్యాక్టరీయే మేలు. అందరూ తీసిపారేసే ఆ ప్లాస్టిక్ గేజ్ ఈ ఒక్క పాట చివరి నిమిషానికి మంచిది! ఈ లెక్క పది నిమిషాల పని. ముందే వేసి ఉంటే మూడు సాయంత్రాలు మిగిలేవి. మీరు మాత్రం ముందు ప్లేటు మీద పాట ఎక్కడ ఉందో కొలవండి, తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. స్టీవెన్‌సన్ అనే మరో అలైన్‌మెంట్ కూడా పెట్టి చూశాను, ఓవర్‌హ్యాంగ్ 15.9తో. ఎడమ 2.4, కుడి 7.3. అసలు కోణం తప్పితే రెండు ఛానళ్లూ కలిసి చెడాలి గానీ ఒక్క కుడి ఎందుకు చెడుతుంది? ఆ ప్రశ్న మొదటే వేసుకోవాల్సింది.

ఒక్క ఛానలే చెడుతోందంటే ముందుగా అనుమానించాల్సింది యాంటీ-స్కేటింగ్. ముల్లు మోసే చెయ్యి తనంతట తానే మధ్యకు లాగుకుపోతూ ఉంటుంది, అప్పుడు ముల్లు గాడి లోపలి (మధ్య రంధ్రం వైపు) గోడకు ఒరుగుతుంది. లోపలి గోడ మీద ఉన్నది ఎడమ ఛానల్, బయటి గోడ మీద కుడి ఛానల్. ఒరిగితే బయటి గోడ మీద పట్టు తప్పి కుడివైపు గరగర వస్తుంది. సరిగ్గా నా రోగ లక్షణమే. డయల్ 0 నుంచి 3 దాకా అరా అరా పెంచుతూ ఏడుసార్లు ఆ పాట ఒక్కటే వాయించాను. 0 దగ్గర తేడా 5.6, 3 దగ్గర 4.6. అంతే. పైగా 3 దగ్గర ఎడమ ఛానల్ గరుకెక్కడం మొదలైంది. 2 దగ్గరకే తెచ్చి వదిలేశాను.

బరువు 1.8, 2, 2.2 గ్రాములు: అర డెసిబెల్ తేడా కూడా లేదు. అజిమత్ (ముల్లు పక్కకు ఒరగకుండా నిలువుగా ఉండటం) సరిచేశాను, స్టీరియో విస్తృతి బాగుపడింది, గరగర పోలేదు. కేబుల్ మార్చి, ఫోనో ప్రీయాంప్‌లో (ముల్లు నుంచి వచ్చే సిగ్నల్‌ను పెంచే పెట్టె) కెపాసిటెన్స్ తగ్గించి మొత్తాన్ని 280 పీకోఫారడ్‌ల నుంచి 150కి తెచ్చాను. ఈ కార్ట్రిడ్జ్‌కి 100 నుంచి 200 మధ్య ఉండాలి. దాంతో పైస్థాయి మెరుపు తగ్గి ఎడమ 1.3, కుడి 6.1 అయ్యాయి. ఇది మంచి లాభమే, పాత 12 ఆల్బమ్‌లలో కొన్ని మళ్లీ చేయాలనిపించేంత లాభం. కానీ తేడా 4.8.

అప్పుడు హెడ్‌షెల్ వెనక నాలుగు వైర్లు తీసి ఎడమ కుడి తారుమారు చేశాను. గరగర ఎడమ స్పీకర్‌లోకి వచ్చింది. అంటే ప్రీయాంప్, కేబుల్, కంప్యూటర్‌కి సౌండ్ అందించే ఇంటర్‌ఫేస్ నిర్దోషులు. తప్పు ముల్లు దగ్గరో గాడి దగ్గరో ఉంది.

ముల్లు సంగతి తేల్చడానికి 'డాక్యుమెంట్' తీశాను. 1987 నాటి ఆ ప్లేటుకి మొదటి వైపు పేరు 'పేజ్'. ఆ వైపు ఆఖరి పాట 'ఇట్స్ ది ఎండ్ ఆఫ్ ద వరల్డ్ యాజ్ వుయ్ నో ఇట్'. ఊపిరి తీసుకోకుండా మాటలు గుమ్మరించే పాట, అదీ లోపలి గాళ్లలో. ముల్లుకి అంతకంటే కఠినమైన పరీక్ష వాళ్ల ఆల్బమ్‌లలో లేదు. శుభ్రంగా వచ్చింది. ఎడమ కుడి మధ్య అర డెసిబెల్ తేడా లేదు. ఆ వైపు 20 నిమిషాలే కాబట్టి గాడి అంత లోపలికి పోదు, నిజమే. అయినా 5 డెసిబెల్స్ తేడా దాంతో రాదు. ముల్లు కూడా నిర్దోషే.

మిగిలింది గాడి. ఇక్కడ రెండు అవకాశాలు. ఒకటి, ముల్లు ఆ ఇరుకు మలుపుల వేగానికి తట్టుకోలేక గోడ వదిలేస్తోంది. రెండు, గోడే అరిగిపోయింది. ఈ రెంటినీ విడదీయడానికే నిన్నటి పదకొండో ప్రయత్నం. పిచ్ స్లైడర్ పూర్తిగా -8 శాతానికి దించి వాయించాను. 24 నిమిషాల 15 సెకన్ల వైపు 26 నిమిషాల 21 సెకన్లు పట్టింది. తర్వాత కంప్యూటర్‌లో వేగం సరిచేసి, ప్రీయాంప్ ఈక్వలైజేషన్ పక్కకు జరగడం వల్ల పైస్థాయిలో వచ్చే 0.7 డెసిబెల్ అదనాన్ని తీసేశాను. వేగం 8 శాతం తగ్గితే ముల్లు పడే కుదుపు 15 శాతం తగ్గుతుంది. ముల్లు గోడ వదిలేయడమే కారణమైతే కుడి ఛానల్ ఎంతో కొంత బాగుపడాలి. ఎడమ 1.3, కుడి 6.1. పాయింటు కూడా కదలలేదు.

అంటే గోడ అరిగింది. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ తీసి కూర్చున్నది ఇందుకే.

పొద్దున్నే తెనాలి నుంచి నాన్న ఫోన్ చేశారు. ఘంటసాల ప్లేట్లు అరగదీసిన ఇల్లు మాది, ఆయనకు ఈ గొడవంతా చెబితే అర్థమవుతుంది.

"ముల్లు మార్చావురా?" అన్నారు.

"మార్చాను నాన్నా, రెండు రకాలు చూశాను."

"పాత ప్లేటు కదా. ముల్లు ఎగురుతోందని ఎవరో దాని తల మీద పావలా పెట్టి పాడించి ఉంటారు. మీ బాబాయి చేసేవాడు కాదూ?"

నిజమే, బాబాయి చేసేవాడు. 'మాయాబజార్' ప్లేటు అలాగే పోయింది మా ఇంట్లో. కానీ ఆ ఊహను ఇక్కడ పెట్టి చూస్తే ఒక చిక్కుంది. పైన నాణెం పెడితే బరువుతో పాటు లోపలికి లాగే బలమూ పెరుగుతుంది, లోపలి గోడ, అంటే ఎడమ ఛానల్ ఎక్కువ నలగాలి. నాకు పాడైంది కుడి. అందుకే నా ఊహ వేరు: పాత యజమాని బరువు తక్కువ పెట్టి, యాంటీ-స్కేటింగ్ అసలు పెట్టకుండా వాయించి ఉంటారు. ముల్లు బయటి గోడకు ఆనీ ఆనకుండా టకటకా కొట్టుకుంటూ పోయి, ఆ గోడను చెక్కేసి ఉంటుంది. ఎక్కువ బరువు కంటే తక్కువ బరువు ప్లేటుకి ఎక్కువ హాని చేస్తుందని నేను నమ్మేది ఇందుకే. నాన్నతో అదే అన్నాను. "అయితే ముల్లు అరిగిందై ఉంటుంది, అరిగిన ముల్లు ఉలితో సమానం" అన్నారు. అదీ కావచ్చు.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. మిత్రుడొకరు తన 2017 నాటి 25 ఏళ్ల ఎడిషన్ ప్లేటు ఇచ్చారు. అదే సెట్టింగ్‌లో వాయిస్తే చివరి పాటలో ఎడమ కుడి తేడా అర డెసిబెల్. మా ఆవిడ విని, "ఇది బాగానే ఉందిగా, ఇదే ఎక్కించుకోండి, అయిపోతుంది" అంది. అయిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ నేను పెట్టుకున్న నియమం, ప్రతి ఆల్బమ్ అది వచ్చిన ఏడాది నాటి ప్లేటు నుంచే ఎక్కించాలని. 12 అలాగే చేశాను. 'స' గరుకును తగ్గించే డీ-ఎస్సర్ ప్లగిన్ వేయమని కూడా కొందరు సలహా ఇచ్చారు. అది 'స'తో పాటు గొంతులోని ఊపిరిని కూడా నొక్కేస్తుంది. ఈ పాటలో బృంద సభ్యులు మైక్ మిల్స్, బిల్ బెరీ ఇద్దరూ ఒకరిది ఒకరు వినకుండా వేర్వేరుగా పాడిన వంత గొంతులు ఉన్నాయి. ఆ రెండూ ఒకదాని మీదుగా ఒకటి జారిపోయే చోటే ఈ పాట ప్రాణం. అక్కడ ప్లగిన్ పెట్టడానికి నాకు చెయ్యి రాదు.

'నైట్‌స్విమ్మింగ్' గురించి ఒక్క మాట, అది మాత్రం బాగానే వచ్చింది. పియానో, ఓబో, జాన్ పాల్ జోన్స్ అమర్చిన తీగ వాద్యాలు, గొంతు, అంతే. డ్రమ్స్ లేవు కాబట్టి చిన్న చిటపట కూడా దాక్కోవడానికి చోటు లేని పాట. మధ్య రంధ్రం పక్కకు ఉంటే పియానో స్వరం ఊగుతుందేమోనని టెన్షన్ పడ్డాను, ఊగలేదు. కుడి ఛానల్‌లో ఆఖరి నిమిషంలో కొంచెం గరుకు మొదలవుతుంది, 75 మి.మీ. దాటాక. అరుగుదల అక్కడి నుంచే మొదలైందన్నమాట.

ఇక తర్వాత ఏం చేయాలి? అరిగిన గోడ మొత్తం అరిగి ఉండదు, పాత ముల్లు ఆనిన పట్టీ మాత్రమే అరుగుతుంది. గాడి అడుగు నుంచి గోడ వెంట కొలిస్తే, మామూలు ఎలిప్టికల్ ముల్లు ఆనేది సుమారు 18 మైక్రాన్ల ఎత్తులో. గుండ్రటి కొన ఉన్న 0.6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) కోనికల్ అయితే 15 దగ్గర ఆనుతుంది. మూడు మైక్రాన్లు కిందికి దిగితే చెక్కుచెదరని గోడ దొరకొచ్చు. మైక్రోలైన్ పొడుగు గీతలా ఆనుతుంది, అరిగిన భాగాన్నీ మంచి భాగాన్నీ కలిపి చదివేస్తుంది, బహుశా అందుకే కుడివైపు పూర్తిగా తేరుకోలేదు. అయితే కోనికల్‌తో ఇంకో ఇబ్బంది. 27 మైక్రాన్ల అలలో 15 మైక్రాన్ల గుండ్రటి కొన సరిగ్గా దిగదు, 'స' మొద్దుబారుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా మొద్దుబారిన 'స'ను నేను భరించగలను, ఇసుకను భరించలేను.

అదే బాడీకి సరిపోయే వీఎం95సీ ముల్లు ఆర్డర్ పెట్టాను. అది రాగానే రైడ్ వైపు మొదటి నాలుగు పాటలు, 'నైట్‌స్విమ్మింగ్'లో 75 మి.మీ. దాకా ఎంఎల్‌తో తీసినవి ఉంచేసి, అక్కడి నుంచి చివరి దాకా కోనికల్‌తో తీసి అతికిద్దామని ఆలోచన. అతుకు ఒక పియానో స్వరం మొదలయ్యే క్షణంలో వేస్తే తెలియకూడదు. కోనికల్ కుడి ఛానల్‌ను 3 డెసిబెల్స్ లోపుకి తెస్తే దాన్నే ఉంచుకుంటాను. తేకపోతే అదే ఏడాది నాటి ఇంకో ప్లేటు వెతుకుతాను, ఈసారి చివరి పాట షాపులోనే వాయించి విన్నాకే కొంటాను.

ముల్లు వచ్చేలోపు 'అప్' మొదలుపెడుతున్నాను. 1997లో బిల్ బెరీ వెళ్లిపోయాక మిగిలిన ముగ్గురూ చేసిన మొదటి ఆల్బమ్. ప్లేటు నిన్ననే కడిగి ఆరబెట్టాను. కెపాసిటెన్స్ 150 దగ్గరే ఉంచుతున్నాను, అలైన్‌మెంట్ మాత్రం ఈసారి ప్రతి వైపు చివరి పాట ఎక్కడ ముగుస్తుందో స్కేలుతో కొలిచాకే.